తెగిన వెన్నుపాము మళ్ళీ చిగురిస్తుందా?

(బి.ఎస్‌సి. తృతీయ సంవత్సరం, జంతుశాస్త్రం)

మాది ముదినేపల్లి పక్కన ఒక చిన్న ఊరు. అటు వరిచేలు, ఇటు చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. నేను పదో తరగతిలో ఉండగా మా బాబాయి ఆ గట్టు మీది చెట్టెక్కి జారిపడ్డాడు. రక్తం రాలేదు, పైకి పెద్ద గాయమేమీ లేదు. "నడుం కింద నాకేమీ తెలియటం లేదురా" అన్నాడు, అంతే. చేలో ఉన్న నలుగురం పరుగెత్తుకొచ్చి తలా ఒక చెయ్యీ కాలూ పట్టుకుని లేపి, ఆటోలో కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయాం. కాళ్ళు పట్టుకున్నవాణ్ణి నేనే. ఆనాటి నుంచి ఆయన నడవలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏరా, సైన్సు చదువుతున్నావు గదా, నా కాళ్ళు ఎప్పుడొస్తాయిరా?" ఆ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ చదివిన సంగతులే ఈ వ్యాసం. విద్యార్థి మిత్రులు, గురువులు చదివి తప్పులుంటే దిద్దవలసిందిగా మనవి.

వెన్నుపాము అంటే ఏమిటి?

మెదడు నుంచి బయలుదేరి వెన్నుపూసల నడుమ నుంచి కిందికి దిగే నాడుల కట్టే వెన్నుపాము. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు మన చిటికెన వేలంత. దాని నుంచి 31 జతల నాడులు చీలి శరీరమంతా వ్యాపిస్తాయి. మన డెల్టా భాషలో చెప్పాలంటే మెదడు హెడ్‌వర్క్స్, వెన్నుపాము ప్రధాన కాలువ, నాడులు పిల్లకాలువలు. ప్రధాన కాలువకు ఎక్కడ గండి పడితే అక్కడి నుంచి దిగువ చేలన్నీ ఎండుతాయి. మెడ దగ్గర దెబ్బ తగిలితే కాళ్ళూ చేతులూ రెండూ పోతాయి. నడుం దగ్గరైతే కాళ్ళు, మూత్రం, మలం మీద అదుపు పోతాయి.

ఇక్కడొక తేడా ఉంది. కొడవలి తెగి చేతి నరం తెగితే, సర్జన్ దానిని జాగ్రత్తగా కలిపి కుడితే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతుంది. నెలలు పట్టినా వేళ్ళకు స్పర్శ తిరిగి రావచ్చు. వెన్నుపాములోని తంతువులు అలా పెరగవు. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కాహల్, 1906లో నోబెల్ బహుమతి పొందినవాడు, దీనిని సూక్ష్మదర్శినిలో ఏళ్ళ తరబడి పరిశీలించాడు. తెగిన తంతువు కొద్దిగా మొలకెత్తబోయి ఆగిపోవటం ఆయన చూశాడు. పెద్దయిన మెదడులో, వెన్నుపాములో దారులు ఇక మారవని తేల్చాడు. చాలాకాలం వైద్యలోకం ఆ మాటనే నమ్మింది.

లోపం విత్తనానిదా, నేలదా?

1981లో కెనడాలోని మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఒక ప్రయోగం చేశారు. ఎలుక కాలి నరపు ముక్క ఒకటి తీసి, దానిని వంతెనలాగా మెదడు అడుగుభాగానికీ వెన్నుపాముకూ మధ్య అతికించారు. పెరగవనుకున్న తంతువులు ఆ వంతెనలోకి దూరి సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. వంతెన దాటి మళ్ళీ వెన్నుపాములో అడుగుపెట్టగానే ఆగిపోయాయి.

రైతుబిడ్డకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఒకే విత్తనం ఒక మడిలో మొలిచి పక్క మడిలో మొలవకపోతే, ముందు ఆ నేలను చూస్తాం.

ఆ నేలలో ఏముందో తరువాత ఒక్కొక్కటిగా బయటపడింది. నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. వెన్నుపాములోని మైలిన్‌లో పెరుగుదలను ఆపే పదార్థాలున్నాయని 1988లో స్విట్జర్లాండుకు చెందిన మార్టిన్ ష్వాబ్ బృందం చూపింది. వాటిలో ముఖ్యమైనదానికి 2000లో నోగో అని పేరు పెట్టారు. ఇది మొదటి అడ్డంకి. రెండవది మచ్చ. దెబ్బ తగిలిన చోట చుట్టుపక్కల కణాలు చేరి గట్టి మచ్చ కడతాయి. గాయం పాకకుండా అది కాపాడుతుంది గాని, కాలువకు గుర్రపుడెక్క పట్టినట్టు దారిని మూసేస్తుంది. 2002లో ఇంగ్లండులో ఒక ఎంజైముతో ఆ మచ్చలోని చక్కెర గొలుసులను కరిగిస్తే ఎలుకలలో కొంత కదలిక తిరిగి వచ్చింది. మూడవ అడ్డంకి ఏమిటంటే, వయసు వచ్చిన నాడీకణంలో పెరిగే ఉత్సాహమే తగ్గిపోతుంది.

బల్లి తోక, చారల చేప

అన్ని జీవులకూ ఈ దురవస్థ లేదు. బల్లి తోక తెగితే కొత్త తోక వస్తుంది. అందులో వెన్నుపాము కూడా సన్నని గొట్టంలాగా కొంతవరకు సాగి వస్తుంది. ఇంకా విచిత్రమైనది జీబ్రా చేప. మన దేశపు వాగుల్లో, చెరువుల్లో, వరిమళ్ళలో తిరిగే చిన్న చారల చేప ఇది. దాని వెన్నుపామును పూర్తిగా కోసినా ఆరు నుంచి ఎనిమిది వారాలలో మళ్ళీ ఈదుతుంది. తెగిన రెండు కొసల మధ్య దాని కణాలు మచ్చకు బదులు వంతెన కడతాయి. ఆ వంతెనకు అవసరమైన ఒక ప్రోటీనును 2016లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంవారు గుర్తించారు. అదే ప్రోటీను మనుషులలోనూ ఉంది! మానవ ప్రోటీనును ఇచ్చినా చేపలో పని చేసింది. సరకు మన ఇంట్లోనూ ఉంది, వాడే పద్ధతి చేపకు తెలిసినట్టు మన శరీరానికి తెలియదు.

లోపల ఏం జరుగుతోందో చూసేదెలా?

ఇంకొక సంగతి ఉంది. చాలామందిలో వెన్నుపాము రెండు ముక్కలుగా తెగదు, నలుగుతుంది. కొన్ని తంతువులు మిగిలి ఉంటాయి. అవి ఎన్ని, పని చేస్తున్నాయా అన్నదే ప్రశ్న. ఎమ్.ఆర్.ఐ. స్కాన్ ఆకారాన్ని బాగా చూపుతుంది. పనిని చూపేది పెట్ స్కాన్.

పెట్ అన్న పేరు పాజిట్రాన్ నుంచి వచ్చింది. పాజిట్రాన్ అంటే ధనావేశం గల ఎలక్ట్రాన్. దీనిని 1932లో కార్ల్ ఆండర్సన్ కనుగొన్నాడు. రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ను గ్లూకోజు వంటి పదార్థానికి తగిలించి రక్తంలోకి ఎక్కిస్తారు. ఎక్కువ పని చేసే కణం ఎక్కువ గ్లూకోజు తింటుంది కనుక ఈ పదార్థాన్నీ ఎక్కువ మింగుతుంది, కాని పూర్తిగా అరిగించుకోలేదు. అక్కడ వెలువడిన పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ను ఢీకొని రెండూ మాయమై, రెండు కాంతి కణాలు ఎదురెదురు దిశల్లో దూసుకుపోతాయి. చుట్టూ ఉన్న వలయం రెండింటినీ ఒకేసారి పట్టుకుని, అవి బయలుదేరిన గీతను గుర్తిస్తుంది. అలాంటి లక్షల గీతలు కలిపితే చిత్రం వస్తుంది. ఈ పదార్థంతో మనిషికి మొదటి చిత్రం 1976లో అమెరికాలో తీశారు. కణం ఖర్చు పెట్టే శక్తి నాణెమైన ఏ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కలిసి వెల్లడించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మన పొరుగునున్న భీమవరంలో పుట్టినవారే.

ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది. హైదరాబాదులో రూపాయి ఎత్తు తయారుచేసి మా ఊరికి బయలుదేరితే, అయిదున్నర గంటల తరువాత మిగిలేది రెండణాలే! అందుకే దీనిని తయారుచేసే సైక్లోట్రాన్ అందుబాటు దూరంలో ఉండాలి. మన దేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్ 2002లో ముంబయిలో మొదలైంది.

నాడీకణాలు కలిసే సంధులనే నేరుగా చూపే పదార్థంతో 2016లో యేల్ విశ్వవిద్యాలయంవారు బతికున్న మనిషి మెదడును చిత్రించారు. అలాంటివాటిని గాయపడిన ఎలుకల వెన్నుపాము మీద కూడా ప్రయత్నించారు. చిక్కేమిటంటే, వెన్నుపాము లావు ఒక సెంటీమీటరు, పెట్ స్కాన్ విడదీసి చూపగలిగేది నాలుగైదు మిల్లీమీటర్లు. సన్న గింజను మసక కళ్ళద్దాలతో చూసినట్టుంటుంది. కనుక ఇది నేటికి పరిశోధనశాల పనిముట్టే. ఆస్పత్రుల్లో పెట్ ఎక్కువగా వాడేది క్యాన్సర్ జాడకు.

మరి బాబాయికి ఏం చెప్పాను?

పోయిన సంక్రాంతికి ఆయన దిండు కింద ఒక కరపత్రం ఉంది. మూలకణాల ఇంజెక్షన్లతో నడిపిస్తామని ఎవరో ఇచ్చారట. ఎకరం అమ్మటానికి బేరం కూడా పెట్టాడు. పిన్ని ఏడుస్తోంది.

నేను పక్కన కూర్చుని తెలిసినంత చెప్పాను. మన దేశంలో 2017 మార్గదర్శక సూత్రాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు మూలకణాలు అనుమతి పొందిన ప్రయోగాలలో తప్ప వాడకూడదు, అందులో చేరేవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నోగోను అడ్డుకునే మందును ఐరోపాలో మనుషుల మీద పరీక్షించారు. మొత్తం మీద చూస్తే స్పష్టమైన లాభం రాలేదు. పాక్షికంగా దెబ్బతిన్నవారిలో కొంత ఆశ కనిపించింది. అదీ దెబ్బ తగిలిన నాలుగు వారాల లోపు ఇచ్చిన వారికి. 2018లో స్విట్జర్లాండులో వెన్నుపాము మీద విద్యుత్ పలక అమర్చి, ఏళ్ళ తరబడి నడవనివారిని ముగ్గురిని నడిపించారు. వారిలో కొన్ని తంతువులు మిగిలి ఉన్నాయి. నెలల తరబడి వ్యాయామం చేశారు.

"అయితే ఇప్పుడు లేదంటావు" అన్నాడు బాబాయి.

"ఇప్పుడు లేదు బాబాయ్. వచ్చేదాకా ఒళ్ళు కాపాడుకోవాలి. రెండు గంటలకోసారి పక్కకి తిరగాలి, పుండు పడనివ్వకూడదు. కీళ్ళు బిగుసుకుపోకుండా రోజూ ఆడించాలి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ కరపత్రం పిన్ని చేతికిచ్చి పొయ్యిలో వెయ్యమన్నాడు. ఎకరం మిగిలింది.

మిత్రులారా, పరిశోధనలు ఫలించేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. చెట్టు మీంచో, గోడ మీంచో, బండి మీంచో పడ్డవారిని చేతులూ కాళ్ళూ పట్టి లేపకండి, కూర్చోబెట్టకండి, నీళ్ళు తాగించకండి. మెడ, నడుం కదలకుండా ఉన్నచోటే ఉంచి 108 కి ఫోన్ చెయ్యండి. తప్పనిసరైతే నలుగురూ ఒక్కసారిగా, తల, నడుం ఒకే వరసలో ఉండేట్టు బల్ల మీదికో తలుపు రెక్క మీదికో జరపండి. నులకమంచం వద్దు, అది కుంగుతుంది.

ఆనాడు మేం లేపటం వల్లనే బాబాయికి ఇలా అయిందా, పడ్డప్పుడే అయిపోయిందా అన్నది ఎవరూ చెప్పలేరు. ఈ నాలుగు మాటలు పదో తరగతిలో నాకెవరైనా చెప్పి ఉంటే, ఆ అనుమానమైనా నాకుండేది కాదు.