పాత ఆర్గాన్ కట్టండి, కొత్త ఉద్యోగం అడగండి

జహీరాబాద్ ట్రాక్టర్ ప్లాంట్‌లో షిఫ్టు చేస్తూ, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా కుర్రాడు హైదరాబాద్‌లో ఆడియో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎలా పట్టాలి? నన్నడిగితే, సర్టిఫికెట్లు పోగేసే బదులు పాత ఎలక్ట్రానిక్ ఆర్గాన్ ఒకదాన్ని కంప్యూటర్‌లో కట్టి చూపించమంటాను.

మొదట్లోనే హామండ్ ఆర్గాన్ జోలికి పోవద్దు. 1935లో వచ్చిన ఆ వాయిద్యంలో మోటారుతో తిరిగే 91 టోన్ చక్రాలు, ఒక్కో మీట కింద తొమ్మిది కాంటాక్టులు. పైగా దానికి తగిలించే లెస్లీ స్పీకర్ వేరే చదువు. 1962 నాటి వాక్స్ కాంటినెంటల్ లాంటి ట్రాన్సిస్టర్ ఆర్గాన్ పట్టుకోండి.

అందులో ఆసిలేటర్లు పన్నెండే, పై స్థాయి స్వరాలకు మాత్రమే. కింది స్థాయిలన్నిటినీ ఫ్లిప్‌ఫ్లాప్‌లు రెండుతో భాగించుకుంటూ ఇస్తాయి. అందుకే ఒకే స్వరం ఏ స్థాయిలో మోగినా శ్రుతి కలిసే ఉంటుంది. చాలామంది మీట మీటకూ విడిగా ఆసిలేటర్ రాసేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అది ఆ ఆర్గాన్ కాదు. సర్వీస్ మాన్యువల్‌లో సర్క్యూట్ ఎలా ఉందో కోడ్ అలాగే సాగాలి. ఫిల్టర్ భాగాన్ని ముందు ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌లో నడిపి చూడండి, అది ఉచితమే.

అసలు చిక్కు ఆ ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఇచ్చే చతురస్ర తరంగంతో. సెకనుకు 44,100 శాంపిళ్లు తీస్తే 22,050 హెర్ట్జ్ దాటినదేదీ నిలవదు, మడతపడి కిందికి వస్తుంది. 2,093 హెర్ట్జ్ స్వరం 17వ హార్మోనిక్ 35,581. అది 8,519 దగ్గర తేలి, శ్రుతి లేని కీచుగా వినిపిస్తుంది. మందు రెండు రకాలు: పాలీబ్లెప్ అనే పద్ధతితో తరంగం అంచులు నునుపు చేయడం, లేదా ఎనిమిది రెట్ల వేగంతో లెక్కించి వడగట్టి తగ్గించడం. నా ఓటు మొదటిదానికి, పాత ల్యాప్‌టాప్ కూడా మోస్తుంది.

హామండ్ తరహా కోడ్ చదవాలనుకుంటే సెట్‌బీఫ్రీ అనే ప్రోగ్రాం ఉంది, జీపీఎల్ లైసెన్సుతో. చదవండి, నేర్చుకోండి. అందులోంచి ముక్క ఎత్తి మీ ప్రోగ్రాంలో పెట్టి పంచితే మాత్రం ఆ లైసెన్సు షరతులు మీ కోడ్‌కూ వర్తిస్తాయి. అమ్మే సరుకుకు పాత కంపెనీల పేర్లు పెట్టకండి, అవి ట్రేడ్‌మార్కులు.

ఇంటర్వ్యూకి పాట రికార్డింగ్ ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. మడత సరిచేయకముందు, సరిచేశాక తీసిన స్పెక్ట్రమ్ బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టండి. ప్రశ్నలు అక్కణ్నుంచే మొదలవుతాయి.