బల్క్ కూలరు సెట్టింగు మార్చే ముందు

వేసవి వచ్చినదంటే పాల సంఘాలలో నాకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. "పాలు చల్లబడడం లేదండీ, థర్మోస్టాటు ఇంకా తగ్గించమంటారా?" వద్దని నేను చెప్పే జవాబు చాలామందికి రుచించదు. ఎందుకు వద్దో కార్యదర్శులతోపాటు సభ్యులకు కూడా తెలియవలెనని ఈ పాఠము వ్రాస్తున్నాను. తాళము కార్యదర్శి వద్ద ఉన్నా, కూలరులోని పాలు మీ అందరివి.

కూలరు చలిని తయారు చేయదు. పాలలోని వేడిని తోడి బయటి గాలిలో పారబోస్తుంది, అంతే. ఒక విధముగా అది బావిలో నీరు తోడే మోటారు వంటిదే. ట్యాంకు అడుగు పలకలో గ్యాసు ద్రవము ఆవిరి అవుతూ పాల వేడిని పీల్చుకొంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి, మరింత వేడెక్కించి, బయట ఉన్న కండెన్సరుకు నెడుతుంది. అక్కడ ఫ్యాను గాలికి వేడిని వదలి, గ్యాసు మరల ద్రవమై ట్యాంకు క్రిందికి వస్తుంది. చలిదేశాలలో ఇదే పద్ధతిలో బయటి గాలి నుండి వేడిని తోడి ఇల్లు వెచ్చబరచుకొంటారు. దానిని హీట్ పంపు అంటారు. మనము పారబోసే వేడి వారికి కావలసిన సరుకు!

కొంచెము లెక్క చూడండి. 500 లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దించుటకు సుమారు 17 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తోడవలెను. యంత్రము బాగుంటే అందుకు 6, 7 యూనిట్ల కరెంటు సరిపోతుంది. పాల వేడి, దానిమీద కంప్రెసరు వాడుకొన్న కరెంటు వేడి, రెండూ కండెన్సరు గుండానే బయటకు పోవలెను. ఆ దారి మూసుకుపోతే సెట్టింగు ఎంత తగ్గించినా ప్రయోజనము లేదు. థర్మోస్టాటు యంత్రము ఎప్పుడు ఆగవలెనో నిర్ణయిస్తుంది గాని, చల్లబరచే వేగమును పెంచదు. ఈ ఒక్క సంగతి తెలియక చాలా సంఘాలలో ఇబ్బంది పడుతున్నారు.

కనుక మొదట చూడవలసినది కండెన్సరు. దాని ముందు దాణా బస్తాలు, ఖాళీ క్యాన్లు పెట్టరాదు. ఎండ పడుతున్నదని చుట్టూ రేకులు కట్టి మూసివేయుట మరీ తప్పు. నీడ కావలెను, గాలి కూడా ఆడవలెను. వారానికి ఒకసారి మెయిను ఆపి, మెత్తని బ్రష్షుతో రెక్కల వెంబడే, అవి వంగకుండా దుమ్ము దులపండి.

నేను తనిఖీకి వెళ్ళిన ఒక గ్రామములో కూలరు గది ప్రక్కనే గడ్డి కత్తిరించే యంత్రము ఉండేది. అందులోని పొట్టంతా ఫ్యాను లాగుకొని కండెన్సరు పరుపు కట్టినట్లయినది. వేడి పోయే దారిలేక లోపలి ఒత్తిడి పెరిగి, హై ప్రెషరు కటౌటు మాటిమాటికి యంత్రమును ఆపుచుండెను. ఎవరో తెలివిగలవారు కటౌటు తీగలు రెండూ కలిపి ముడివేసినారు. రెండు వారాలు యంత్రము బ్రహ్మాండముగా నడచినది. మూడవ వారములో కంప్రెసరు వైండింగు కాలిపోయి, ఆ రాత్రి పాలన్నీ పులిసిపోయినవి. కటౌటు మొదటినుండీ నిజమే చెబుతున్నది, వినేవారు లేరు. అది పడినప్పుడు ఒకసారి రీసెట్ నొక్కవచ్చును. అదే పూట మరల పడితే కండెన్సరు, ఫ్యాను చూడవలెను, మెకానిక్కును పిలువవలెను. తీగ మాత్రము కలుపరాదు.

ఇక థర్మోస్టాటు సంగతి. సెట్టింగు 4 డిగ్రీల వద్ద ఉండవలెను. మీటరు నిజము చెబుతున్నదా లేదా అని అనుమానము వస్తే, నలగగొట్టిన మంచులో కొద్దిగా నీరు పోసి, విడి థర్మామీటరు ఉంచండి. అది సున్నా చూపిస్తే దానిని నమ్మవచ్చును. తరువాత దానితో ట్యాంకులోని పాలు చూచి, తేడా ఉంటేనే మెకానిక్కు చేత సరిచేయించండి. పాలు సున్నాకు సుమారు అర డిగ్రీ దిగువన మంచు కడతాయి. సెట్టింగు ఒకటికో రెండుకో దించితే, ముఖ్యముగా పాలు తక్కువగా ఉన్నప్పుడు, అడుగున మంచు పేరుకొంటుంది. ఆ మంచులో ఎక్కువ భాగము నీరే గనుక పైపాల నమూనాలో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. సరిగా రావు. పైగా వెన్న కణాలు చిట్లి పాలకు చేదువాసన పట్టవచ్చును. కలియబెట్టే రెక్క పాలలో మునిగిన తరువాతనే కూలింగు వేయవలెనని చెప్పేది కూడా ఇందుకే.

గ్యాసు గురించి ఒక మాట. ఏటేటా వేసవికి గ్యాసు నింపవలెనని కొందరు మెకానిక్కులు చెబుతారు. గ్యాసు డీజిలు వలె ఖర్చయ్యేది కాదు. తగ్గినదంటే ఎక్కడో లీకు ఉన్నదని అర్థము. ఏడాదిలో రెండు గ్యాసు ఓచర్లు కనబడితే నేను తప్పక ప్రశ్న వేస్తాను, మీరూ సర్వసభ్య సమావేశములో వేయండి. యంత్రము పలకపై వ్రాసిన గ్యాసు తప్ప వేరొకటి కలుపరాదు. లీకు పరీక్షకు పొడి నైట్రోజను మాత్రమే, రెగ్యులేటరు పెట్టి వాడవలెను. వెల్డింగుకు తెచ్చిన ఆక్సిజను సిలిండరును గొట్టాలకు తగిలించుచుంటే వెంటనే ఆపించి అందరూ దూరముగా జరగండి. కంప్రెసరు ఆయిలు, ఒత్తిడిలోని ఆక్సిజను కలిస్తే పేలిపోతుంది. గ్యాసు లీకయిన గదిలో తలుపులు తెరచి బయటకు రావలెను. ఆ గ్యాసు గాలికంటే బరువైనది, నేలనంటి నిలిచి ఊపిరికి గాలి లేకుండా చేస్తుంది.

కరెంటు పోయి వస్తే కంప్రెసరును 3 నుండి 5 నిమిషాలు ఆగి వేయండి. ఒత్తిడి సమము కాకముందే వేస్తే మోటారు లేవలేక వేడెక్కుతుంది. లైనుమన్ తీగలు మార్చి కలిపిన తరువాత యంత్రము వింత శబ్దము చేస్తూ, చల్లబరచకపోతే ఫేజులు తారుమారైనవేమో చూపించండి. స్క్రోల్ కంప్రెసరు వెనుకకు తిరిగితే ఎక్కువసేపు బ్రతుకదు. ఒక ఫేజు పోయినప్పుడు ఆపే ప్రివెంటరు పనిచేస్తున్నదీ లేనిదీ కూడా పరీక్షింపజేయండి.

కూలరు గది నేల ఎప్పుడూ తడే. కడిగే కుర్రవాడు తరచు వట్టికాళ్ళతో ఉంటాడు. ప్యానెలు మీద పైపుతో నీరు కొట్టనీయవద్దు. మూడు ఫేజుల యంత్రమునకు రెండు వేరువేరు ఎర్తులు ఉండవలెను. ఒకటి ఉన్నది, చాలునని అనుకోవద్దు. లీకేజి బ్రేకరు టెస్టు బటన్ నెలకొకసారి నొక్కి, పడుతున్నదని చూచి రిజిస్టరులో వ్రాయండి. ఎర్తు గుంటలలో వేసవి అంతా వారానికి రెండు బకెట్ల నీరు పోయించండి.