మంచులో నడకకు ఏ బూట్లు?

ప్రశ్న: డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కు వెళ్తున్నాం. మామూలు స్పోర్ట్స్ షూ సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సరిపోవండీ. కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగులు. ఆ నెలలో అక్కడ మంచు ఉంటుంది. జాలీ గుడ్డతో కుట్టిన స్పోర్ట్స్ షూ గంటలోనే తడిసిపోతాయి. చీలమండ దాటి పైకి వచ్చే, లోపల వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న, అడుగున లోతైన గాళ్లున్న ట్రెక్కింగ్ బూట్లు కొనండి.

చాలామంది బొక్కబోర్లా పడేది సైజు దగ్గరే. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడదు, ఎంత ఖరీదైన బూటైనా వేళ్లు కొయ్యబారతాయి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక అప్పుడే దుకాణానికి వెళ్లండి. దళసరి ఉన్ని సాక్సులు వేసుకునే తొడిగి చూడండి. లేసులు కట్టాక ముందు వేళ్లు కదలాలి, మడమ మాత్రం లేవకూడదు. నూలు సాక్సులు వద్దు, చెమట పీల్చుకుని చల్లబడతాయి.

బూటు పైనుంచి మంచు దూరకుండా గెయిటర్లు కావాలి. అవి, మంచుపై పట్టునిచ్చే మైక్రోస్పైక్స్ అద్దెకు దొరుకుతాయేమో ట్రెక్ నిర్వాహకులను ముందే అడగండి. తడిసిన బూట్లను మంట దగ్గర పెట్టకండి, అడుగు ఊడొస్తుంది.

కొత్త బూట్లతో నేరుగా రైలెక్కొద్దు. నెల ముందు నుంచే వాటితో పొద్దున్నే మీ ఊరి పద్మాక్షి గుట్ట ఎక్కి దిగండి.