ఎల్లలు దాటిన బంతి

క్రీడాభిమానులు కలిసిన చోటల్లా “అందరిలో గొప్పవాడెవరు?” అన్న ప్రశ్న తలెత్తక మానదు. అమెరికాలోని ఎన్.బి.ఎ. పోటీలలో రాణించిన విదేశీయుల విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలమైనది. 1891లో బాస్కెట్‌బాల్ క్రీడను రూపొందించిన జేమ్స్ నైస్మిత్ కెనడాలో జన్మించినవాడే. అయినా చాలాకాలం ఆ ఆటలో అమెరికన్లదే ఆధిపత్యం. నేడు ఆ స్థితి మారింది. 2019 నుండి 2025 వరకు వరుసగా ఏడేళ్ళు ‘అత్యంత విలువైన ఆటగాడు’ పురస్కారం అమెరికా వెలుపల పుట్టినవారికే లభించింది.

ముందుగా విదేశీయుడెవరో తేల్చుకోవాలి. ఐదుసార్లు విజేతగా నిలిచిన టిమ్ డంకన్ వర్జిన్ దీవులలో జన్మించాడు. కాని ఆ దీవులు అమెరికా అధీనంలోనివి. అక్కడ పుట్టినవారు అమెరికా పౌరులే. కనుక ఆయనను ఈ వరుసలో చేర్చడం న్యాయం కాదు.

పాయింట్లే కొలమానమైతే జర్మనీకి చెందిన డిర్క్ నోవిట్జ్‌కీ అగ్రగణ్యుడు. డల్లాస్ జట్టు పక్షాన 21 సీజన్లు ఆడి 31,560 పాయింట్లు సాధించాడు. 2011లో ఆ జట్టును విజేతగా నిలిపాడు. అయితే బంతిని బుట్టలో వేయడం ఆటలో సగమే. ప్రత్యర్థిని నిలువరించడం మిగిలిన సగం.

ఈ రెండింటా సమర్థుడు హకీమ్ ఒలాజువాన్. 1963లో నైజీరియాలోని లాగోస్‌లో జన్మించిన ఆయన బాల్యంలో ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడాడు. ఆ పాదలాఘవమే తరువాత ఆయనకు ఆయుధమైంది. ప్రత్యర్థులు విసిరిన బంతిని 3,830 సార్లు అడ్డుకొని రికార్డు నెలకొల్పాడు. 1993–94లో అత్యంత విలువైన ఆటగాడు, ఉత్తమ రక్షకుడు, ఫైనల్స్‌లో ఉత్తముడు అనే మూడు గౌరవాలను ఒకే సీజన్‌లో పొందాడు. రంజాన్ మాసంలో ఉపవాస దీక్ష విడువకుండానే బరిలో దిగేవాడు. అందువల్ల ప్రథమ స్థానం ఆయనదే.

ద్వితీయుడు సెర్బియా ఆటగాడు నికొలా యోకిచ్. 2014 ఎంపికలో 41వ వాడైన ఆయన మూడు పర్యాయాలు అత్యంత విలువైన ఆటగాడై, 2023లో డెన్వర్‌కు తొలి విజయాన్ని అందించాడు. తృతీయుడు యానిస్ అంటెటొకుంపో. నైజీరియా నుండి వలస వచ్చిన దంపతులకు ఏథెన్స్‌లో పుట్టి, వీధులలో వస్తువులమ్మిన ఆ బాలునికి 2013 వరకు గ్రీసు పౌరసత్వమే లేదు. 2021 ఫైనల్స్ చివరి ఆటలో 50 పాయింట్లు సాధించి మిల్వాకీని గెలిపించాడు. నోవిట్జ్‌కీది నాలుగవ స్థానం.

అయితే అంకెలకు అందనివారూ ఉన్నారు. లిథువేనియాకు చెందిన అర్విదాస్ సబోనిస్‌ను పోర్ట్‌లాండ్ జట్టు 1986లోనే ఎంచుకొన్నది. నాటి సోవియట్ పాలనలో ఆయనకు అమెరికాలో ఆడే అవకాశం దక్కలేదు. 1995లో, ముప్పై ఏళ్ళ ప్రాయంలో, గాయాలతో కుంగిన కాళ్ళతో ఆ గడ్డపై అడుగుపెట్టాడు. ఆయన స్థానం ఏదో ఏ పట్టికా చెప్పలేదు. ప్రతిభ ఒక్కటే చాలదు. దానికి కాలం కూడా కలిసిరావాలి.

కఠిన పదాలు – అర్థాలు
జటిలము = చిక్కుతో కూడినది
అగ్రగణ్యుడు = మొదట లెక్కింపదగినవాడు
లాఘవము = నేర్పు, చురుకుదనం

ప్రశ్నలు
1. టిమ్ డంకన్‌ను ఈ వరుసలో ఎందుకు చేర్చలేదు?
2. ఒలాజువాన్‌కు ప్రథమ స్థానం ఇవ్వడం సమంజసమేనా? చర్చించండి.
3. సబోనిస్ జీవితం తెలిపే సత్యమేమిటి?