ఏడు దినములు ఆగిన ప్రయాణము

(పాఠ్యభాగము: సంఖ్యాకాండము 12:10-16)

ప్రియులారా, 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, దాని వెంటనే లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన ఆత్మకూర్ (ఎస్) ప్రాంతపు యౌవనస్థుల వేసవి విహారములు ఆగిపోయెను. మోటారు సైకిళ్లమీద నాగార్జునసాగరునకు, నల్లమల అడవి దారులకు పోదలచినవారు ఇంట కూర్చుండిరి. కోదాడ అవతల రాష్ట్రపు సరిహద్దు మూయబడెను. అనేక గ్రామములవారు పొలిమేరలో ముళ్లకంప అడ్డము వేసికొనిరి. అయితే కొందరు, “రోడ్డు మూసిన నేమి, డొంకదారి యున్నది, మాకు జబ్బు లేదు గదా” అనిరి. ఈ మాటను వాక్యముతో సరిచూతము.

హజేరోతులో మిర్యామునకు కుష్ఠు కలిగెను. మోషే మొఱ్ఱపెట్టినను ఆమె ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలసి వచ్చెను. ఆమె తిరిగి చేర్చబడువరకు జనులు కదలలేదు. వారెందరు? లెక్కింపబడిన పురుషులే 6,03,550 మంది (1:46). వారికి జబ్బు లేదు. అరణ్యములో ఎటు చూచినను దారియే. పైగా పోవలసినది విహారమునకు కాదు, వాగ్దాన దేశమునకు! అయినను ఒక్క స్త్రీ నిమిత్తము గుడారములు విప్పలేదు. తప్పు ఆమెదే గదా అని ఎవరైనను సణిగిరేమో. సణుగుటలో ఆ జనులు మనకు తీసిపోరు.

లేవీయకాండము 13వ అధ్యాయములో మచ్చ సంగతి తేలని మనుష్యుని యాజకుడు ఏడు దినములు వేరుగా ఉంచవలెను. రోగము రుజువైన పిమ్మట కాదు, తెలియక మునుపే. కరోనాయు అట్టిదే, జ్వరము, దగ్గు కనబడక మునుపే ఇతరులకు సోకగలదు.

పని పోయి ఊళ్లకు నడిచిన కూలీల సంగతి వేరు; వారినిగూర్చి ఈ మాట కాదు. ముళ్లకంప వెనుక ఆయాసముతో మంచము పట్టిన అవ్వయే మన మిర్యాము. ఆమెను చేర్చుకొనిన తరువాతనే ఇశ్రాయేలీయులు పారాను అరణ్యమునకు సాగిరి.