కథకు ఊ కొట్టేదెవరు?

పిల్లలకు కథలు చెప్పే రోజులు పోయాయక్కా, అంతా ఫోనే అని మీరంటుంటారు గానీ, చెల్లెళ్ళూ, అసలు కథ ఎప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చుందని?

బాలనాగమ్మనే తీసుకోండి. బుర్రకథ వాళ్ళు ఊరూరా పాడి చెప్పిన కథ. 1942లో జెమినీ వాళ్ళు సినిమా తీశాక, బాలనాగమ్మంటే కాంచనమాలే, మాయల మరాఠీ అంటే గోవిందరాజుల సుబ్బారావుగారే. అంతకుముందు ఎవరి బాలనాగమ్మ వాళ్ళదే! మా అమ్మమ్మయితే మరాఠీ ప్రాణమున్న చిలక చేతికి చిక్కిన చోట ఠక్కున ఆపేసి, తాపీగా వక్క నమిలేది. మేమంతా ‘ఊ... ఊ...’ అని గోల పెడితే తప్ప దాని రెక్క విరిచేది కాదు. మా ఊ ఆగిందా, నిద్రపోయామని కథ చాలించేది.

1947 జులైలో మొదలైన చందమామకు ఈ కిటుకు బాగా తెలుసు. ఊ కొట్టించుకోవడం అచ్చుకు చేతకాదు కదా, ఆ పని బేతాళుడి ప్రశ్న చేసింది. విక్రమార్కుడు నోరు విప్పేలోగా మనమే జవాబు ఆలోచించేవాళ్ళం. అసలు బేతాళ కథలు పాతికే. అవి అయిపోయినా కొత్తవి అల్లుతూ దశాబ్దాలు నడిపారు. రేడియో అన్నయ్య, అక్కయ్య న్యాయపతి దంపతులైతే ‘బాలానందం’లో మైకే పిల్లల చేతికిచ్చేశారు.

యూట్యూబ్ బొమ్మల కథతో నా పేచీ అంతా ఇక్కడే. పిల్ల గుర్రుపెట్టి నిద్రపోయినా దానికి పట్టదు, తర్వాతి కథ దానంతటదే మొదలు!

అదే ఫోన్‌తో మా వదిన ఏం చేస్తుందో చూడండి. ఇక్కడ తెల్లారగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, డల్లాస్‌లో పడుకోబోతున్న మనవడికి వీడియో కాల్‌లో కథ చెబుతుంది. నెట్ సరిగ్గా లేక వాడి ఊ ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేదాకా ఆవిడా ఆగుతుంది. రాకుమారుడికి గుర్రం వద్దు, స్కూలు బస్సు కావాలని వాడు పేచీ పెడితే, ఏడు సముద్రాలూ బస్సులోనే దాటించింది మహాతల్లి.

వదినలా చెప్పే ఓపిక లేదంటారా? వీడియోనే పెట్టండి. మంచి పట్టులో ఉండగా ఆపేసి, “ఇప్పుడేమవుతుందే?” అని అడగండి. మీ పిల్ల మాయల మరాఠీని గెలిపించేస్తే మాత్రం కంగారుపడి దిద్దకండి. వాడెలా గెలిచాడో అడగండి, నాకూ వినాలనుంది.