చేని గట్టున ఉచ్చు: చేయవలసినవి - చేయకూడనివి

చెనక్కాయ ఊడ దిగి కాయ పట్టే రోజుల్లో చిలమత్తూరు చుట్టుపక్కల గుట్టల కింద చేను ఉన్న రైతుకు కంటి మీద కునుకు ఉండదు. ఒక్క రాత్రి పందుల గుంపు దిగితే చాలు, తెల్లారేసరికి అర ఎకరం గుంటక తోలి వదిలేసినట్టు ఉంటుంది. పెట్టుబడి అప్పు, కాయ పంది పాలు. ఆ కడుపుమంటలోనే పాత మోటారు సైకిలు క్లచ్ వైరు ఉచ్చుగా మారుతుంది. మా చేనూ అలా పోయింది కాబట్టి ఆ మంట నాకు తెలుసు.

ఉచ్చు చేసే పనీ తెలుసు. మా ఇంటి కుక్క రెండు రోజులు కనబడలేదు. మూడో రోజు పక్క చేని గట్టున, కంపచెట్ల సందులో దొరికింది. నడుముకు వైరు బిగుసుకుని ఉంది. తీసి ఇంటికి తెచ్చాం, నీళ్లు తాగింది, తోక కూడా ఊపింది. పైకి పెద్ద గాయమే లేదు కదా అని డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. నాలుగో రోజు పొద్దున చూస్తే ప్రాణం లేదు. లోపల ఏం నలిగిందో మాకు అర్థం కాలేదు. ఆ తప్పు మాదే. అందుకే ఇది రాస్తున్నాను.

వైరు ఉచ్చు చూడ్డానికి చిన్నది. ముడి ఒకవైపే జారుతుంది, చేత్తో జరిపితే తప్ప వెనక్కి రాదు. జంతువు ఎంత గుంజుకుంటే అంత బిగుస్తుంది. మెడకు పడితే ఊపిరి పోతుంది, నడుముకు పడితే పేగులు, మూత్రపిండాలు నలుగుతాయి, కాలికి పడితే నెత్తురు ఆగి కాలు కుళ్లుతుంది. ఉత్తర అమెరికాలో బొచ్చు కోసం జంతువులను పట్టేవాళ్లకు ఇంకో సాధనం ఉంది. రెండు ఇనుప చట్రాలు, వాటికి స్ప్రింగులు. జంతువు మధ్యలోంచి దూరగానే చట్రాలు మెడ మీదో రొమ్ము మీదో టక్కున మూసుకుంటాయి. కెనడా వేటగాడు ఫ్రాంక్ కోనిబేర్ తయారుచేసిన ఈ బోను 1950ల చివర్లో మార్కెట్లోకి వచ్చింది. కాలు పట్టుకుని గంటల తరబడి హింసించే పాత బోనుల కంటే త్వరగా చంపాలన్నది దాని ఉద్దేశం. అయినా అక్కడివాళ్లు దాన్ని బిగించేటప్పుడు స్ప్రింగులకు కొక్కెం వేసి ఉంచుతారు. చేయి ఇరుక్కుంటే విడిపించుకోవడానికి జేబులో తాడు పెట్టుకుంటారు. లైసెన్సు, శిక్షణ, కొలతలు ఉన్న ఆ దేశాల్లోనే ఈ బోనుల్లో పెంపుడు కుక్కలు చస్తుంటాయి. ఇక మన గట్టు మీద కొలతా కొక్కెం లేని వైరుకు ఏది పందో ఏది మేకపిల్లో ఎలా తెలుస్తుంది?

చేయకూడనివి

ఉచ్చు, బోను, నాటుబాంబు, విషపు ఎర ఏదీ పెట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నడమూ వేటే, అందులో జంతువు పడకపోయినా సరే. పందికని పెట్టానంటే చెల్లదు. అదే ఉచ్చులో చిరుతో ఎలుగుబంటో పడితే అవి మొదటి షెడ్యూల్ జంతువులు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ముంగిసలకూ ఇదే రక్షణ ఉంది. బొమ్మలు వేసే కుంచెల కోసం ముంగిసలను ఉచ్చులేసి పట్టి వెంట్రుకలు పీకే దందా మన దేశంలో ఇంకా సాగుతోంది, దాని మీద 2019లో ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో దేశమంతా దాడులు జరిగాయి. ఊళ్లోకి వచ్చి ముంగిసలు ఉన్నాయా అని అడిగేవాళ్లు ఎందుకు అడుగుతున్నారో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

మోటారు స్టార్టరు నుంచి కంచెకు కరెంటు లాగొద్దు. ఇది అన్నిటికంటే గట్టిగా చెప్పాలి. 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారే తీగను పట్టుకున్న చేయి విడిపోదు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేని మనిషి, తెల్లారుజామున బయటికి వెళ్లిన ఆడమనిషి, తన తీగ సంగతి తనే మరిచిన రైతు, ఇలా పోయినవాళ్ల వార్తలు ప్రతి ఏడూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఎక్కడైనా అలాంటి తీగ కనిపిస్తే కర్రతో కూడా ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.

చిక్కుకున్న చిరుత, ఎలుగుబంటి, పంది దగ్గరికి పోవద్దు. కదలకుండా పడుకుందంటే చచ్చిందని కాదు. వైరు పట్టు మీద ఉందో తెగబోతోందో దూరం నుంచి చెప్పలేం. ఎలుగుబంటి అయితే పిల్లలు పక్క పొదలోనే ఉండొచ్చు, లేదా చిక్కింది పిల్లయితే తల్లి పక్కనే ఉంటుంది. సెల్‌ఫోన్లో వీడియో కోసం ముందుకు తోసుకునే కుర్రాళ్లను పెద్దవాళ్లే వెనక్కి లాగాలి. 2020 మే నెలలో నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో అడవి పందుల కోసం పెట్టిన తీగల్లో ఒక చిరుత చిక్కింది. హైదరాబాద్ జూ నుంచి నిపుణులు వచ్చి మత్తు ఇచ్చి విడిపించినా, జూకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం విడిచింది. అన్నీ తెలిసినవాళ్ల చేతుల్లోనే అలా జరిగితే కట్టెలు పట్టుకుని చుట్టూ అరిచే గుంపు వల్ల ఏం మేలు జరుగుతుంది?

చేయవలసినవి

అడవి జంతువు చిక్కిందని తెలియగానే 112కు గానీ అటవీ శాఖ సిబ్బందికి గానీ ఫోన్ చేసి ఊరు పేరు, చేని గుర్తు, జంతువు ఏది, వైరు ఎక్కడ పట్టింది అన్నది చెప్పండి. కనీసం వంద గజాల అవతల నిలబడి, కుక్కలను కట్టేసి, దారిలో మనుషులు రాకుండా చూడండి. నిశ్శబ్దం దానికి సగం మందు, బెదిరేకొద్దీ గుంజుకుంటుంది. వైరు దానంతట అదే తెగి జంతువు పారిపోయినా ఫోన్ చేయడం మానొద్దు. మెడలో వైరు ముక్కతో తిరిగే జంతువు వారాల తరబడి నరకం పడుతుంది, మనిషి మీదికీ వస్తుంది.

మీ కుక్కో మేకో పడితే మాత్రం మీరే పూనుకోవాలి. గుంజొద్దు. దాన్ని మెల్లగా వైరు కట్టిన గూటం వైపుకు నడిపిస్తే, లేదా ఎత్తుకుని దగ్గరికి తెస్తే, వైరు వదులవుతుంది. నొప్పిలో ఉన్న కుక్క యజమానినే కరుస్తుంది, కాబట్టి ముందు కండువాతో మూతి కట్టి, తల మీద గోనెపట్టా కప్పండి. తర్వాత గూటం దగ్గర వైరును కటింగ్ ప్లేయర్‌తో తెంపి, ముడిని వెనక్కి జరిపి తీయండి. విడిపించాక మూతికట్టు విప్పండి. ఆ తర్వాత మేం చేయని పని మీరు చేయండి: పైకి బాగానే ఉన్నా అదే రోజు పశువుల డాక్టరుకు చూపించండి. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది.

కుక్క పళ్లు దిగితే ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం పెట్టొద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదటి రోజే మొదలుపెట్టి, చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ వేయించుకోవాలి. వైరు చీరుకున్న చేతికి ధనుర్వాతం సూది కూడా.

ఇక అసలు సంగతి, పంట. ఉచ్చు వద్దన్నవాడు పందిని ఆపే దారి కూడా చెప్పాలి. చెనక్కాయ చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేస్తే దాని ముళ్లు పందిని గుచ్చుతాయి, వాసన కాయ జాడను మరుగు పరుస్తుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం వేసినా, ముళ్లు లేకపోయినా దాని వాసన పంట జాడను అలాగే మరుగు పరుస్తుంది. స్తోమత ఉంటే సోలార్ కంచె వేయండి. బ్యాటరీ నుంచి వచ్చే దాని షాక్ సెకనుకు ఒక్కసారి చిటికెలా తగిలి వదిలేస్తుంది, జంతువు బెదిరి పోతుంది కానీ చావదు. కాకపోతే కింది తీగను గడ్డి తాకితే షాక్ బలం తగ్గిపోతుంది, వారానికోసారి గడ్డి కోయాలి. నలుగురు రైతులు కలిసి గుట్ట వైపు అంతా ఒకే కంచె వేస్తే ఖర్చు పంచుకోవచ్చు, పంది పక్క చేన్లో దూరదు. కాపలాకు ఒంటరిగా పోవద్దు. టార్చి, బూట్లు, ఇంకో మనిషి తోడు ఉండాలి. పంట పోతే ఫొటోలు తీసి, పరిహారం కోసం అటవీ శాఖకు అర్జీ పెట్టండి. ఎంత వస్తుందో అని విడిచిపెడితే మన నష్టం ఏ లెక్కలోకీ రాదు.

మన చిలమత్తూరు మండలంలోనే వీరాపురం ఉంది. ఏటా వచ్చే కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు కడితే ఆ ఊరివాళ్లు రెట్టల వాసన భరిస్తూ, కిందపడ్డ పిల్లలను సాకుతూ కాపాడుకుంటారు. జంతువును ఓర్చుకోవడం మనకు కొత్త కాదు.

కోతలయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. చెనక్కాయ పీకిన చేన్లలోకి జీవాలు మేతకు దిగుతాయి, పిల్లలు వెంట పోతారు. పెట్టినవాడు మరిచిన ఉచ్చు తుప్పు పట్టి కూడా పని చేస్తుంది. జీవాలను తోలకముందే ఇద్దరు ముగ్గురు కటింగ్ ప్లేయర్ తీసుకుని గట్లు, కంప సందులు, గుట్టకు పోయే కాలిబాటలు చూడండి. మోకాలి ఎత్తులో, గడ్డి ఒకవైపు నలిగిన చోట్ల చూడండి. ముందు ముట్టుకోకుండా దూరం నుంచే చూసి, ఖాళీగా ఉన్నదని, కరెంటు లైనుకు తగిలించలేదని తేలాకే వైరు తెంపండి; అనుమానం ఉంటే 1912కు ఫోన్ చేయండి. ముక్కలు గట్టు మీద పారేయకుండా ఇంటికి తెచ్చి పాత ఇనుము కొనేవాడికి వేసేయండి.